కాలవ గట్టు మీద ఒక గంట



ఈవేళ నేను చెప్పబోయే విషయం పేరు వినగానే మీలో కొందరు నవ్వుకోవచ్చు. కొందరు "మనకెందుకొచ్చిన గొడవ" అని రేడియో గొంతు తగ్గించి పోపు పెట్టుకోవడానికి వెళ్ళిపోవచ్చు. పోపు మాడకుండా చూసుకుంటూనే ఒక చెవి ఇటు పారేయండి.

ఆ పేరు ట్రయథ్లాన్. నోరు తిరగని పేరేగాని, సంగతి సులువే. ముందు ఈత, దాని తర్వాత సైకిలు, ఆపైన పరుగు. ఒక్కొక్కటీ మనకు తెలిసినదే. మూడూ ఒకే పూట, మధ్యలో కూర్చోకుండా, ఒకదాని వెంట ఒకటి చెయ్యడమే ఇందులో విశేషం. ఒలింపిక్సులో ఐతే ఒకటిన్నర కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిలు, 10 కిలోమీటర్ల పరుగు. అందులో సరిగ్గా సగం దూరాలతో చిన్న పందెం కూడా వుంది. 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిలు, 5 కిలోమీటర్ల పరుగు. నాబోటి వాళ్ళు సరదాకి సాధన చేసేది ఆ చిన్నదానికే. పతకాలకీ పత్రికల్లో ఫోటోలకీ కాదు.

ఇది పుట్టిన కథ తమాషాగా వుంటుంది. 1974లో అమెరికాలో శాండియాగో అనే వూళ్ళో పరుగు క్లబ్బువాళ్ళు దీన్ని వినోదంగా మొదలుపెట్టారు. అందులో పాల్గొన్న దంపతులు జాన్ కాలిన్స్, జూడీ కాలిన్స్ తర్వాత హవాయి దీవులకు వెళ్ళారు. అక్కడ ఈతగాళ్ళు గొప్పా, పరుగువాళ్ళు గొప్పా, సైకిలువాళ్ళు గొప్పా అని వాదన వచ్చింది. గుత్తొంకాయలో కొబ్బరి వెయ్యాలా, నువ్వులు వెయ్యాలా అని మన ఇళ్ళల్లో వస్తుంది చూడండి, అలాంటి తెగని వాదన. ఐతే మూడూ కలిపే తేల్చుకుందాం అని 1978 ఫిబ్రవరిలో పెద్ద పందెం పెట్టారు. 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, 42 కిలోమీటర్ల పరుగు! పదిహేను మంది దిగితే పన్నెండు మంది పూర్తి చేశారు. అందరూ మగవాళ్ళే. ఆ మరుసటి ఏడాదే లిన్ లెమేర్ అనే ఆవిడ దిగింది. మగవాళ్ళతో కలిపి లెక్కేస్తే ఐదో స్థానంలో వచ్చింది. ఈ పందెం కథ చెప్పేటప్పుడు చాలామంది జాన్ కాలిన్స్ పేరు చెప్పి వూరుకుంటారు, జూడీ పేరు మరిచిపోతారు. మనకిది కొత్త కాదు లెండి.

వయస్సు సంగతి అడుగుతారని తెలుసు. అదే దేశంలో సిస్టర్ మడోనా బ్యూడర్ అని ఒక సన్యాసిని వుంది. ఆవిడ పరుగు మొదలుపెట్టింది 48వ ఏట. మొదటి ట్రయథ్లాన్ చేసింది 52వ ఏట. 2012లో, 82 ఏళ్ళ వయస్సులో, కెనడాలో ఆ పెద్ద పందెమే, ఆ 180 కిలోమీటర్ల సైకిలుతో సహా, గడువు లోపల పూర్తిచేసింది. ఆవిడ కోసం పందెంవాళ్ళు కొత్తగా వయస్సు వర్గాలు తెరవాల్సి వచ్చింది. అంతకుముందు ఆ వయస్సు ఆడవాళ్ళు ఎవరూ రాలేదు మరి.

అంత దూరం ఎందుకు, మన సామర్లకోట ఆడపడుచు గోలి శ్యామలగారి సంగతి చూడండి. నీళ్ళంటే భయం పోగొట్టుకోవడానికని నలభై దాటాక ఈత నేర్చుకున్నారు. 2021 మార్చిలో, 47 ఏళ్ళ వయస్సులో, శ్రీలంకనుంచి మన ధనుష్కోటి దాకా ముప్ఫై కిలోమీటర్ల సముద్రం ఈదారు. పదమూడు గంటలకు పైగా పట్టింది. అంతటితో వూరుకోలేదు. 2024 డిసెంబరు చివర విశాఖపట్నంలో సముద్రంలోకి దిగి, రోజుకు కొంత కొంత ఈదుతూ, 2025 జనవరి మొదటి వారంలో కాకినాడలో తేలారు. నూటయాభై కిలోమీటర్లు! బస్సులో వెళ్తేనే నడుం పట్టేస్తుంది మనకు.

ఇవన్నీ చెప్పి మిమ్మల్ని సముద్రంలో దిగమనడం లేదు. ఈ మూడింటిలోనూ ఆడదానికి, అందులోనూ మన గోదావరి జిల్లాల ఆడదానికి, అన్నిటికన్నా తేలిగ్గా అందేది సైకిలు. అందుకని ఈవేళ ఎక్కువగా సైకిలు గురించే మాట్లాడతాను.

సైకిలు కోసమే చేసినట్టుంటుంది మన నేల. ధవళేశ్వరం దిగువన సముద్రం దాకా ఎక్కడా ఎత్తుపల్లం లేదు. ఏ వూరికి వెళ్ళాలన్నా పక్కనే కాలవ, కాలవకు గట్టు. ఈ గట్లు ఇంత వెడల్పుగా, ఇంత చదునుగా ఎందుకున్నాయో ఎప్పుడైనా ఆలోచించారా? 1847లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తిచేశాడు. దాని కింద తవ్విన కాలవలు పొలాలకు నీళ్ళివ్వడానికే కాదు, పడవలు నడవడానికి కూడా. బియ్యం, ఉప్పు, మనుషులు, అన్నీ పడవల మీదే. గాలి లేనప్పుడు పడవవాళ్ళు గట్టు మీద నడుస్తూ తాడు భుజాన వేసుకుని పడవను లాగేవారు. పడవలు మట్టం మారడానికి కట్టిన లాకులు ధవళేశ్వరంలో, బొబ్బర్లంకలో, విజ్జేశ్వరంలో చూసే వుంటారు. పడవలు లాగినవాళ్ళ కాళ్ళకింద అణిగిన దారులివి. ఇప్పుడు చాలాచోట్ల వాటి మీద తారు రోడ్లు పడ్డాయి, కొన్నిచోట్ల ఎర్రమట్టి అలాగే వుంది. ఎర్రమట్టి గట్టు మీద, వాన పడి ఆరిన మర్నాడు సైకిలు తొక్కడంలో వున్న హాయి తొక్కినవాళ్ళకే తెలుస్తుంది.

నేను వెళ్ళేది రాజమండ్రినుంచి ధవళేశ్వరం మీదుగా కడియం వైపు. తెల్లవారుతూండగా బయల్దేరితే బ్యారేజి దగ్గరకు వచ్చేసరికి నీళ్ళ మీద వెలుగు పడుతుంది. కొత్త బ్యారేజికి నాలుగు పాయల మీదా కలిపి 175 గేట్లున్నాయి. వరద రోజుల్లో ఆ చప్పుడు చాలా దూరంనుంచే వినిపిస్తుంది, వేసవిలో చడీచప్పుడూ వుండదు. అక్కడినుంచి కాలవ పక్కన పడితే కడియం, కడియపులంక నర్సరీలు. ఆ వేళకే ఆడవాళ్ళు మొక్కలకు నీళ్ళు పోస్తుంటారు, లారీల్లోకి కుండీలు అందిస్తుంటారు. కనకాంబరాల వాసన వుండదంటారుగాని తడిమట్టితో కలిసిన ఆకువాసన ఒకటి వుంటుంది, అది ఏ అత్తరు సీసాలోనూ దొరకదు. కాలవలోకి వంగిన కొబ్బరిచెట్టు మీంచి లకుముకిపిట్ట రాయి పడ్డట్టు నీళ్ళలో పడి లేస్తుంది. బస్సు కిటికీలోంచి ఇవన్నీ కనిపిస్తాయి, కాదనను. కాని బస్సు మనల్ని తీసుకుపోతుంది. సైకిలు మీద మనంతట మనం పోతాం. ఆ తేడా నాకు నలభై దాటాక తెలిసింది.

ఐతే మన దేశంలో కొండలు లేవని తేలిగ్గా అనుకోకండి. కొండకు బదులు గాలి వుంది. వానాకాలంలో పడమటిగాలి ఎదురు కొడితే చదును రోడ్డు మీదే గుట్ట ఎక్కుతున్నట్టుంటుంది. ఎంత తొక్కినా ముందుకు పోదు. వెళ్ళేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి వుండేట్టు దారి చూసుకోండి. అలిసిపోయి తిరిగొచ్చేటప్పుడు వీపున చెయ్యివేసి తోసినట్టుంటుంది. సముద్రం దగ్గర వూళ్ళవాళ్ళు, అమలాపురం, నరసాపురం వైపువాళ్ళు, మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి తిరుగుతుందని మరవకండి.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను.

మన ఆడపిల్లలు సైకిలు తొక్కడం లేదా? తొక్కుతున్నారు. బడి వేళకు ఏ పల్లె రోడ్డు మీదైనా చూడండి, రెండు జడలు వెనక్కి ఎగురుతూ జట్లుజట్లుగా వెళ్తుంటారు. బీహారులో 2006లో హైస్కూలు ఆడపిల్లలకు ప్రభుత్వం సైకిళ్ళిచ్చే పథకం పెట్టింది. మన రాష్ట్రంలోనూ కొన్నేళ్ళ క్రితం 'బడికొస్తా' అనే పేరుతో ప్రభుత్వ బడుల్లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్ళిచ్చారు. మంచి పని. కాని పదో తరగతి అయ్యాక ఆ సైకిలు ఏమవుతుందో గమనించారా? తమ్ముడికి పోతుంది. లేకపోతే అటక ఎక్కుతుంది. ఆ పిల్ల కాలేజీకి బస్సెక్కుతుంది, ఆపైన పెళ్ళయి స్కూటరు వెనక సీటెక్కుతుంది. తొక్కడం వచ్చిన కాళ్ళు మళ్ళీ పెడలు మీద పడవు. సైకిలు అంటే బడికి వెళ్ళే సాధనం, బడి అయిపోయింది కనక సైకిలూ అయిపోయింది. సరదాకి తొక్కవచ్చుననే మాట ఆ పిల్లకు ఎవరూ చెప్పరు.

పొరుగున తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లాలో ఇంకో రకంగా జరిగింది. 1991 ప్రాంతాల్లో అక్కడ అక్షరాస్యతా వుద్యమం నడుస్తుండగా, చదువుతో పాటు ఆడవాళ్ళకు సైకిలు కూడా నేర్పాలని కలెక్టరు షీలారాణి చుంకత్ పట్టుబట్టారు. రాళ్ళ క్వారీల్లో పనిచేసేవాళ్ళు, పొలం కూలీలు, అంగన్‌వాడీ ఆయాలు, వేలమంది నేర్చుకున్నారు. ఆడవాళ్ళ సైకిళ్ళు చాలక మగవాళ్ళ సైకిళ్ళే తొక్కారు. కొందరికి అదే నచ్చింది, ముందు కడ్డీ మీద పిల్లను కూర్చోపెట్టుకోవచ్చని. 1992లో మహిళా దినోత్సవం నాడు పదిహేను వందలమందికి పైగా ఆడవాళ్ళు హాండిళ్ళకు జెండాలు కట్టి, బెల్లులు మోగిస్తూ పట్నం వీధుల్లో తిరిగారు. వాళ్ళకు సైకిలు వల్ల ఎంత సమయం కలిసొచ్చిందో, ఎన్ని బస్సుచార్జీలు మిగిలాయో లెక్కలు చెప్పారు. బాగానే వుంది. కాని వాళ్ళను కలిసి రాసినవాళ్ళందరూ చెప్పిన మాట, ఆ లెక్కలకన్నా ముందు ఆ ఆడవాళ్ళ మొహాల్లో కనిపించినది, ఎవరి మీదా ఆధారపడకుండా వెళ్తున్నామన్న సంతోషమని.

ఆ సంతోషం దగ్గరే మనం పట్నం ఇల్లాళ్ళం ఆగిపోతాం. మన ఇళ్ళల్లో ఒక వింత వుంది. "డాక్టరు నడవమన్నాడు" అనండి, ఇంటిల్లిపాదీ ఒప్పుకుంటారు. బూట్లు కూడా కొనిపెడతారు. "గుడికి వెళ్ళొస్తాను" అనండి, ఎవరూ అడ్డు చెప్పరు. "కూరలు తెస్తాను" అంటే సంచీ చేతికిస్తారు. "నాకు సరదాగా వుంది, ఒక గంట సైకిలు తొక్కొస్తాను" అని చూడండి. మా అత్తగారు ఐదు నిమిషాలు నా మొహంలోకి చూసి, "ఒంట్లో బాగానే వుందా అమ్మా?" అని అడిగారు. కోపం లేదు పాపం, నిజంగానే కంగారుపడ్డారు. మందుగా ఐతే ఆడది బయటికి వెళ్ళవచ్చు, మొక్కుగా ఐతే వెళ్ళవచ్చు, పనిగా ఐతే తప్పకుండా వెళ్ళవచ్చు. హాయిగా వుంటుందని వెళ్తే మాత్రం ఏదో తేడా వచ్చిందనుకుంటారు.

అందుకని చాలామంది ఒక దొడ్డిదారి వెతుక్కుంటారు. అందరికంటె ముందు లేచి, ఇంట్లో ఎవరికీ తెలియకుండా చేసుకుని, పాలపాకెట్టు వచ్చే వేళకు మళ్ళీ స్టవ్వు ముందు నిలబడతారు. పత్రికల్లో సలహాలు కూడా అలాగే వుంటాయి, "ఒక గంట ముందు లేవండి" అని. ఆ సలహా నాకు బొత్తిగా నచ్చదు. రాత్రి పదకొండింటికి గిన్నెలు సర్ది పడుకునే మనిషి నాలుగింటికి లేస్తే ఆ గంట ఎక్కడిది? నిద్రలోంచి తీసిన అప్పు. దానికి వడ్డీ మోకాళ్ళు కడతాయి, కోపం కడుతుంది, పిల్లల వీపులు కడతాయి. సాధన చేసే ఒంటికి నిద్ర ఇంకొంచెం ఎక్కువే కావాలి, తగ్గించడం ఏ మాత్రం పనికిరాదు.

ఆ గంట ఇంటి పనిలోంచి రావాలి. అంటే ఎవరో ఒకరు కుక్కరు పెట్టాలి, ఇంకొకరు వాటరు మోటారు కట్టాలి, పిల్లవాడు తన టిఫిను డబ్బా తానే సర్దుకోవాలి. అడిగితే గొడవ అవుతుందేమోనని మనం అడగం. వారానికి మూడురోజులు, ఆ రోజులేవో ముందే చెప్పి, క్యాలెండరు మీద రాసి పెట్టండి. మా ఇంట్లో మంగళ, గురు, ఆదివారాలు. మొదటి నెల మంగళవారంనాడు సాంబారు నీళ్ళగా వుండేది. ఇప్పుడు మావారు నాకన్నా బాగా పెడుతున్నారు, పైగా ఇంగువ ఎంత వెయ్యాలో నాకే చెబుతున్నారు. భరించాలి, తప్పదు.

ఇక ఒంటి సంగతి. మూడు మాటలు చెప్పి వూరుకుంటాను, నేను డాక్టర్ని కాను కనక.

మన దేశంలో 15నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తం తక్కువని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. మెట్లెక్కితే ఆయాసం, సాయంత్రమయ్యేసరికి నీరసం, ఇవి వయస్సు వల్ల అనుకుని వూరుకుంటాం. సాధన మొదలుపెట్టేముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. పన్నెండుకు తక్కువైతే ముందు దాని సంగతి చూడాలి. బి.పి., చక్కెర, గుండె జబ్బు వున్నవాళ్ళు డాక్టరుతో మాట్లాడాలని వేరే చెప్పక్కర్లేదు.

రెండోది ఎముకలు. ముట్లుడిగే వయస్సులో ఆడవాళ్ళ ఎముకలు పలచబడతాయి. సైకిలు వల్ల, ఈత వల్ల గుండెకు, వూపిరితిత్తులకు, కండరాలకు మేలేగాని, మన బరువు సీటో నీళ్ళో మోస్తాయి కనక ఎముకలకు అవి అంతగా పని చెప్పవు. నడక, పరుగు, బరువులెత్తడం చెబుతాయి. మూడు ఆటలు కలిపి చెయ్యడంలో వున్న లాభం ఇదే, ఒకటి వదిలేసిన చోటు ఇంకొకటి అందుకుంటుంది. పప్పులో వుప్పు, చారులో పులుపు లాగ.

మూడోది మోకాళ్ళు. "సైకిలు తొక్కితే మోకాళ్ళు అరిగిపోతాయమ్మా" అని ఇప్పటికి నాకు ఎంతమంది చెప్పారో! సీటు బాగా కిందికి వుంటే నిజంగానే మోకాలు నొప్పెడుతుంది. ఆడవాళ్ళకు పడతామని భయం, అందుకని సీటు అడుగుకి దింపించుకుంటాం. మా వీధి చివర సైకిలు షాపతను చూసి, "ఆయ్, అలాక్కాదండమ్మగారూ, సీటెత్తాలండి" అన్నాడు. పద్ధతేమిటంటే, సీటు మీద కూర్చుని మడమను పెడలు మీద పెట్టి బాగా కిందికి తొక్కినప్పుడు కాలు తిన్నగా చాచుకోవాలి. అప్పుడు పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలు కొంచెం వంగి వుంటుంది. అంతే కొలత. గేర్లున్న సైకిలైతే బలవంతాన బరువుగా తొక్కకుండా, తేలిక గేరులో గబగబా తిప్పండి. పక్కన ఎవరైనా వుంటే మాట్లాడుతూ తొక్కగలగాలి. మాట రాకుండా రొప్పుతున్నారంటే వేగం తగ్గించాలి. మొదటి రెండు మూడు నెలలూ ఇంతకు మించిన సాధన అక్కర్లేదు.

తిండికి కొత్త పొడులూ డబ్బాలూ కొనకండి. గంట లోపు సైకిలుకు ముందు ఒక అరటిపండు చాలు, రావులపాలెం పక్కనే వుండగా మనకు అరటిపండుకు కరువా? వేసవిలో ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ సీసాలో పోసి పట్టుకెళ్ళండి. తిరిగొచ్చాక పెసరట్టో, గుడ్డో, పప్పన్నమో. పెరుగు వేసిన చద్దన్నం ఐతే ఇంక చెప్పేదేముంది.

ఈత గురించి గట్టిగా ఒక మాట. గోదావరి ఒడ్డున పుట్టాం కనక ఈత మన రక్తంలోనే వుందనుకుంటాం. చాలామంది ఆడవాళ్ళకు మెడలోతు నీళ్ళలో తేలడం కూడా రాదు. ఏటా ఎండాకాలం సెలవుల్లో నదిలో దిగి పిల్లలు పోయిన వార్త వినని సంవత్సరం లేదు. ఇసుక తవ్విన గోతులు పైకి కనిపించవు. నీళ్ళు నిలకడగానే వున్నట్టుంటాయి, అడుగున లాగేస్తుంటాయి. కాలవల్లో తూముల దగ్గరా లాకుల దగ్గరా ఇంకా ప్రమాదం. అందుకని ఈత నేర్చుకోవడం కొలనులోనే, నేర్పేవాళ్ళు పక్కన వుండగానే. ఆడవాళ్ళకు వేరే సమయం ఇచ్చే కొలనులు వుంటాయి, కనుక్కోండి. అలాంటిది లేకపోతే పదిమంది కలిసి వెళ్ళి అడగండి. ఒక్కళ్ళు అడిగితే చూద్దామంటారు, పదిమంది అడిగితే ఏ రోజునుంచి అని అడుగుతారు. మొదటి నాలుగు రోజులు మొహం నీళ్ళలో పెట్టి గాలి వదలడమే పాఠం. అది వచ్చిందంటే సగం ఈత వచ్చినట్టే. మీకు రాకపోయినా పిల్లలకు మాత్రం, ఆడపిల్లలకు కూడా, తప్పక నేర్పించండి. ఇందులో సరదా మాట తర్వాత, ప్రాణం మాట ముందు.

పరుగు సంగతి కొస్తే, సైకిలు దిగి వెంటనే పరిగెడితే మొదట్లో నవ్వొస్తుంది. కాళ్ళు మనవి కానట్టుంటాయి, దుంగలు మోస్తున్నట్టుంటాయి. అంతసేపూ గుండ్రంగా తిరిగిన కాళ్ళు ఒక్కసారి బరువు మోస్తూ ముందుకు పడాలంటే వాటికి తికమక. ఐదారు నిమిషాలకు సర్దుకుంటుంది. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, మళ్ళీ ఒక నిమిషం పరుగు, ఇలా మొదలుపెట్టాలి. గట్టు మీద ఆవుల్ని తోలుకొచ్చే ముసలాయన ఒకడు నన్ను చూసినప్పుడల్లా "బస్సు ఎల్లిపోయిందామ్మా?" అని అడిగేవాడు. ఇప్పుడు అడగడం మానేసి ఆవుల్ని పక్కకు తప్పిస్తున్నాడు.

బట్టల గురించి అడగడానికి సిగ్గుపడకండి. చుడీదారు బాగుంటుంది. చున్నీ మాత్రం నడుముకు బిగించి ముడెయ్యండి, లేదా ఇంట్లోనే వదిలెయ్యండి. గాలికి ఎగిరి వెనక చక్రంలో పడితే మనిషిని లాగేస్తుంది. చీరతో తొక్కేవాళ్ళు చైనుకు పూర్తి మూత, వెనక చక్రానికి వల వున్న ఆడవాళ్ళ సైకిలు చూసుకోండి. తలకు హెల్మెట్టు తప్పదు. జడ కిందికి వేసుకుంటే పడుతుంది, కొప్పు వేస్తే పట్టదు. మల్లెపూలు తిరిగొచ్చాక పెట్టుకుందాం. మసక చీకట్లో వెళ్తే ముందు తెల్ల దీపం, వెనక ఎర్ర దీపం వుండాలి. మోరంపూడి, వేమగిరి వైపు జాతీయ రహదారి జోలికి పోకండి. అక్కడ లారీ డ్రైవరుకు రాత్రంతా నిద్ర వుండదు, మన సైకిలు కనబడదు. బ్యారేజి రోడ్డు మీద కూడా బస్సులు మొదలయ్యే వేళకు ముందే దాటెయ్యాలి. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తే కుక్కల బెడద తగ్గుతుంది, రెండు కాళ్ళ కుక్కల బెడదా తగ్గుతుంది.

పంచరైతే ఏం చెయ్యాలని చాలామంది అడుగుతున్నారు. మనం బయల్దేరే వేళకు సైకిలు షాపులు తెరవరు కదా. ఒక ట్యూబు, చిన్న పంపు, టైరు విప్పే పట్టీలు రెండు సీటుకింద సంచీలో పెట్టుకోవాలి. పాత ట్యూబుకు అతుకు వెయ్యడం ఇంటికొచ్చాక చేసుకోవచ్చు. అది మా షాపతనే నేర్పాడు. ట్యూబులో గాలి కొట్టి నీళ్ళ పళ్ళెంలో కొంచెం కొంచెంగా ముంచుతూ తిప్పాలి, బుడగ ఎక్కడ వస్తే చిల్లు అక్కడ. తుడిచి, ఆకురాయితో గీకి, సొల్యూషను రాసి, అది ఆరాక అతుకు నొక్కాలి. ఆరకముందు తొందరపడితే నిలవదు. మొదటిసారి మా వీధి అరుగు మీద కూర్చుని పళ్ళెంలో బుడగ కోసం వెతుకుతుంటే, ఏమిటా అని చుట్టుపక్కల ఆడవాళ్ళు నలుగురు చేరారు. బుడగ పైకి రాగానే అందరం ఒక్కసారే "అదిగో!" అన్నాం. వాళ్ళలో ఇద్దరు ఇప్పుడు ఆదివారాలు నాతో కడియం దాకా వస్తున్నారు. మూడో ఆవిడ మొన్న వాళ్ళమ్మాయి సైకిలు అటక మీంచి దింపించింది. సీటెత్తించాలిట.